మొబైల్ ఫోన్లలో ఇంటర్నెట్ వాయిస్ కాలింగ్

మాటను డిజిటల్ సంకేతంగా మార్చి, చిన్న చిన్న ప్యాకెట్లుగా విడగొట్టి, ఇంటర్నెట్ ప్రొటోకాల్‌పై నడిచే నెట్‌వర్క్ మీదుగా సెల్‌ఫోన్‌కు చేర్చే విధానమే మొబైల్ ఇంటర్నెట్ వాయిస్ కాలింగ్. మొబైల్ వీఓఐపీ అని కూడా అంటారు. వాట్సాప్, సిగ్నల్, టెలిగ్రామ్, ఫేస్‌టైమ్ లాంటి యాప్‌లలో చేసే కాల్స్ ఈ కోవలోవే. వీటికి ఓటీటీ కాల్స్ అని పేరు. 4జీ ఫోన్‌లో పదంకెల నంబరు నొక్కి చేసే మామూలు కాల్ కూడా నేడు చాలావరకు ఈ పద్ధతిలోనే నడుస్తోంది. దాని పూర్తి పేరు వాయిస్ ఓవర్ ఎల్‌టీఈ, వాడుకలో వోల్టీ.

రెండింటిలోనూ మాట ప్యాకెట్లుగానే పోతుంది. తేడా వచ్చేది పూచీ దగ్గర. వోల్టీ కాల్‌కు టెలికాం ఆపరేటర్ తన నెట్‌వర్క్‌లో ప్రత్యేకంగా దారి కేటాయిస్తుంది. నాణ్యతకూ నంబరుకూ అత్యవసర సేవలకూ బాధ్యత తీసుకుంటుంది. యాప్ కాల్ మిగతా డేటాతో కలిసి, దొరికిన దారిలో పోతుంది. పిలిస్తే ఫోను మోగడం, గొంతు తెగకుండా వినిపించడం, పిలిచినవారి నంబరు కనిపించడం, ఆపదలో పోలీసులకు కాల్ చేరడం వంటివి, కాల్ పొడవునా ఒక దారిని కేటాయించే పాత సర్క్యూట్ నెట్‌వర్క్‌లో అడగకుండానే అందిన సదుపాయాలు. ప్యాకెట్ నెట్‌వర్క్‌పై వీటిలో ప్రతిదాన్నీ విడిగా నిర్మించుకోవలసి వచ్చింది. ఆపరేటర్లు కొన్నింటిని, యాప్ కంపెనీలు మరికొన్నింటిని నిర్మించాయి.

తొలి ప్రయత్నాలు

ప్యాకెట్లలో మాటను పంపాలన్న ఆలోచన సెల్‌ఫోన్ కంటే వెనకటిది కాకపోయినా, దాదాపు దాని ఈడుదే. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో డానీ కోహెన్ బృందం 1973లో నెట్‌వర్క్ వాయిస్ ప్రొటోకాల్‌ను రూపొందించింది. 1974లో ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ మీద దాన్ని ప్రయోగించి చూశారు. సామాన్యుడి చేతికి అందడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ 1995లో విడుదల చేసిన ఇంటర్నెట్ ఫోన్ సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు మాట్లాడడం మొదలైంది.

ఆ తర్వాత ప్రమాణాలు వరుసగా వచ్చాయి. మాటను మోసుకెళ్లే ఆర్‌టీపీ ప్రొటోకాల్, అంతర్జాతీయ టెలికాం సంఘం తెచ్చిన హెచ్.323 రెండూ 1996లో వచ్చాయి. కాల్‌ను మొదలుపెట్టి, ముగించే సంకేతాలకు ఉద్దేశించిన సిప్ ప్రొటోకాల్ 1999లో ప్రమాణమైంది, 2002లో ఇప్పుడు వాడుకలో ఉన్న రూపం దిద్దుకుంది. 2003 ఆగస్టులో విడుదలైన స్కైప్ ఇంటర్నెట్ కాల్‌ను ఇంటింటి మాటగా చేసింది. దాన్ని మైక్రోసాఫ్ట్ 2011లో 850 కోట్ల డాలర్లకు కొని, 2025 మే నెలలో మూసేసింది.

సెల్‌ఫోన్‌లో ఇదే పని చేయడానికి రెండు అడ్డంకులు ఎదురయ్యాయి. ఒకటి సాంకేతికం: 2జీ డేటా నెమ్మదిగా సాగేది, మాట అవతలికి చేరేసరికి సంభాషణ లయ తప్పేది. రెండోది వ్యాపారం: నిమిషానికింత అని వసూలు చేసుకునే ఆపరేటర్లకు ఇది ఆదాయానికి గండిలా కనిపించింది. 2006లో నోకియా తన ఎన్80 ఇంటర్నెట్ ఎడిషన్, ఇ-సిరీస్ ఫోన్లలో సిప్ సదుపాయాన్ని కలిపింది; వైఫై ఉన్నచోట అది చక్కగా పనిచేసేది. బ్రిటన్‌లో ట్రూఫోన్ అనే కంపెనీ నంబర్లకు తమ వినియోగదారుల కాల్స్ కలపడానికి టీ-మొబైల్ ఒప్పుకోకపోవడంతో 2007లో వ్యవహారం హైకోర్టుకెక్కింది, ట్రూఫోన్‌కు అనుకూలంగా మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. అదే ఏడాది త్రీ అనే మొబైల్ ఆపరేటర్ స్కైప్‌ఫోన్ పేరుతో ఒక హ్యాండ్‌సెట్ అమ్మింది. ఫోను నుంచి ఆపరేటర్ వరకు కాల్ మామూలు సర్క్యూట్ మీదే వెళ్లి, అక్కడి నుంచి స్కైప్‌లోకి మళ్లేది. రేడియో మీద ప్యాకెట్ మాటను అప్పటికి ఎవరూ పూర్తిగా నమ్మలేదనడానికి ఆ ఏర్పాటే సాక్ష్యం.

2009 మార్చి చివర ఐఫోన్‌కు స్కైప్ యాప్ వచ్చినా, వైఫై మీదే పనిచేసేది. అమెరికాలో ఏటీ అండ్ టీ ఆ అక్టోబరులో 3జీ మీద కూడా ఇలాంటి యాప్‌లను అనుమతించింది. 2010 డిసెంబరులో వైబర్ వచ్చి, యూజర్ ఐడీ బదులు ఫోన్ నంబరునే గుర్తింపుగా వాడింది. చిరునామాల పుస్తకమే కొత్త సేవకు డైరెక్టరీ అయింది. 2015లో వాట్సాప్ వాయిస్ కాలింగ్ తెచ్చేనాటికి ఈ పద్ధతి స్థిరపడిపోయింది.

మాట ప్యాకెట్ అయ్యే తీరు

ఫోన్ మైకు పట్టిన ధ్వనిని కోడెక్ అనే సాఫ్ట్‌వేర్ 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కత్తిరిస్తుంది. అంటే సెకనుకు 50 ముక్కలు. వోల్టీలో ఎక్కువగా వాడే ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్ కోడెక్, 12.65 కిలోబిట్ల వేగంలో, ఒక్కో ముక్కను సుమారు 33 బైట్లకు కుదిస్తుంది. దీనికి ఆర్‌టీపీ 12 బైట్లు, యూడీపీ 8 బైట్లు, ఐపీ వెర్షన్ 4 అయితే 20 బైట్ల శీర్షిక తోడవుతాయి. మొత్తం 40 బైట్లు. వెర్షన్ 6 అయితే 60 బైట్లు. ఉత్తరం కంటే కవరే బరువన్నమాట. ఆ లెక్కన 12.65 కిలోబిట్ల మాట, నెట్‌వర్క్ మీదికి వచ్చేసరికి 29 నుంచి 37 కిలోబిట్లు అవుతుంది.

ఒకే కాల్‌లోని ప్యాకెట్లన్నింటిలో శీర్షిక దాదాపు ఒకేలా ఉంటుంది. పంపినవారు, అందుకునేవారు మారరు. వరుస సంఖ్య, సమయ ముద్ర మాత్రమే లెక్క ప్రకారం పెరుగుతాయి. అందుకే వోల్టీలో ఫోనుకూ టవర్‌కూ మధ్య రోహెచ్‌సీ అనే పద్ధతితో ఆ శీర్షికను మూడు నాలుగు బైట్లకు కుదిస్తారు. ఒకే టవర్ కింద ఎక్కువమంది మాట్లాడగలగడానికి ఈ కుదింపు పెద్ద ఆసరా. యాప్ కాల్‌కు సాధారణంగా ఈ వెసులుబాటు దొరకదు.

మాటకు టీసీపీ కంటే యూడీపీ అనువుగా ఉంటుంది. పోయిన ప్యాకెట్‌ను టీసీపీ మళ్లీ తెప్పించేసరికి దాని సమయం దాటిపోతుంది. ఆలస్యంగా వచ్చిన అక్షరం కంటే రాని అక్షరమే మేలు. ప్యాకెట్లు ఒకదాని తర్వాత ఒకటి సమాన వ్యవధిలో రావు కాబట్టి, అందుకునే ఫోను వాటిని కొన్ని పదుల మిల్లీసెకన్లు ఆపి, వరుస సరిచేసి వినిపిస్తుంది. దీన్ని జిట్టర్ బఫర్ అంటారు. బఫర్ పెద్దదైతే మాట తెగదు, కానీ ఆలస్యమవుతుంది. చిన్నదైతే తొందరగా వినిపిస్తుంది, కానీ తెగుతుంది. యాప్‌లు నెట్‌వర్క్ స్థితిని బట్టి దాన్ని క్షణక్షణం సర్దుకుంటాయి. పోయిన ముక్క స్థానంలో, ముందు విన్న ధ్వనిని బట్టి ఊహించిన ధ్వనిని నింపుతాయి. సిగ్నల్ సరిగా లేనప్పుడు అవతలి గొంతు యంత్రం మాట్లాడినట్టు సాగిపోవడం ఈ ఊహ ఫలితమే.

యాప్ కాల్స్‌లో ఎక్కువగా కనిపించే కోడెక్ ఓపస్. 2012లో ప్రమాణమైన ఈ కోడెక్ 6 కిలోబిట్ల నుంచి 510 కిలోబిట్ల వరకు వేగం మార్చుకోగలదు, వాడుకకు రుసుము లేదు. గూగుల్ 2010లో గ్లోబల్ ఐపీ సొల్యూషన్స్ కంపెనీని కొని, దాని ధ్వని ఇంజిన్‌ను 2011లో వెబ్‌ఆర్‌టీసీ పేరుతో అందరికీ తెరిచింది. ప్రతిధ్వని తొలగింపు, జిట్టర్ బఫర్ వంటి కష్టమైన భాగాలు ఉచితంగా చేతికి రావడంతో చిన్న కంపెనీలు సైతం కాలింగ్ యాప్‌లు కట్టగలిగాయి. 2021 జనవరిలో వెబ్‌ఆర్‌టీసీ వెబ్ ప్రమాణంగా గుర్తింపు పొందింది.

ఫోన్‌లో యాప్‌ను అమర్చడంలో చిక్కులు

కంప్యూటర్‌లో లేని సమస్య సెల్‌ఫోన్‌లో మొదటే ఎదురవుతుంది. నిద్రపోతున్న ఫోను మోగాలి. సర్క్యూట్ కాల్‌కు ఆ పని రేడియో చిప్ చూసుకునేది. టవర్ పిలుపు కోసం అది ఎప్పుడూ చెవి ఒగ్గి ఉంటుంది. యాప్‌కు ఆ చిప్‌తో నేరుగా సంబంధం లేదు. సర్వర్‌తో సంబంధం తెగకుండా కొన్ని నిమిషాలకొకసారి యాప్ ఒక ప్యాకెట్ పంపితే, ప్రతిసారీ రేడియో మేలుకుని బ్యాటరీ తింటుంది. ఫోన్‌లో ఇలాంటి యాప్‌లు నాలుగుంటే సాయంత్రానికి చార్జి ఉండదు.

అందుకే ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఈ పనిని తమ చేతుల్లోకి తీసుకున్నాయి. 2010లో ఐఓఎస్ 4 యాప్‌లను వెనకాల నడవనిచ్చింది. 2014లో ఐఓఎస్ 8తో పుష్‌కిట్ వచ్చాక, అన్ని యాప్‌లకూ కలిపి ఆపిల్ సర్వర్‌తో ఒకే సంబంధం సరిపోయింది. కాల్ వచ్చినప్పుడే యాప్ మేలుకుంటుంది. 2016లో కాల్‌కిట్ రావడంతో యాప్ కాల్ కూడా మామూలు కాల్ లాగే లాక్ తెర మీద కనిపించసాగింది. కొన్ని యాప్‌లు ఈ మేలుకొలుపును వేరే పనులకు వాడుకోవడంతో, 2019లో ఐఓఎస్ 13 షరతు బిగించింది: కాల్ పుష్ వస్తే కాల్ తెర చూపించి తీరాలి. ఆండ్రాయిడ్ 2010లోనే డయలర్‌లో సిప్‌ను కలిపినా అది జనంలోకి పోలేదు. 2015లో ఆండ్రాయిడ్ 6 డోజ్ అనే పొదుపు విధానం తెచ్చాక, అక్కడా గూగుల్ పుష్ సేవ ద్వారా మేలుకొలపడమే దారి అయింది. కొన్ని హ్యాండ్‌సెట్ తయారీదారులు బ్యాటరీ ఆదా కోసం యాప్‌లను మరీ గట్టిగా నిద్రపుచ్చుతారు. వాట్సాప్ కాల్ వచ్చినట్టు ఫోను తెరిచాకగానీ తెలియకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

రెండో చిక్కు చిరునామా. మొబైల్ నెట్‌వర్క్‌లో వేలమంది ఒకే బహిరంగ ఐపీ చిరునామాను పంచుకుంటారు. అలాంటి రెండు ఫోన్లు ఒకదాన్నొకటి నేరుగా వెతుక్కోలేవు. స్టన్ సర్వర్ ప్రతి ఫోనుకూ బయటినుంచి కనిపించే చిరునామాను చెబుతుంది. ఐస్ అనే పద్ధతిలో రెండు ఫోన్లూ తమకున్న దారులన్నింటినీ పరీక్షించి మంచిదాన్ని ఎంచుకుంటాయి. ఏ దారీ కుదరకపోతే టర్న్ సర్వర్ మధ్యవర్తిగా మాటను అందుకుని అందిస్తుంది. ఐపీ వెర్షన్ 6 విస్తరించేకొద్దీ ఈ తిప్పలు తగ్గుతున్నాయి.

మూడోది కదలిక. మాట్లాడుతూ ఇల్లు దాటితే వైఫై పోయి మొబైల్ డేటా వస్తుంది, ఐపీ చిరునామా మారుతుంది. యాప్ కొత్త దారి వెతుక్కునే రెండు మూడు సెకన్లే తెర మీద కనిపించే ‘మళ్లీ కలుపుతోంది’ అన్న సందేశం.

వోల్టీ: ఆపరేటర్ దారి

2జీ, 3జీ నెట్‌వర్క్‌లలో మాటకు సర్క్యూట్, డేటాకు ప్యాకెట్ అని రెండు వేర్వేరు వ్యవస్థలుండేవి. 4జీ ఎల్‌టీఈని పూర్తిగా ప్యాకెట్ నెట్‌వర్క్‌గా రూపొందించారు. అందులో మాటకు విడిగా చోటే లేదు. తాత్కాలికంగా సర్క్యూట్ ఫాల్‌బ్యాక్ అనే ఉపాయం వాడారు. కాల్ రాగానే ఫోను 4జీ వదిలి 3జీకో 2జీకో దిగుతుంది. ఆ రోజుల్లో కాల్ మాట్లాడుతుండగా తెర మీది 4జీ గుర్తు హెచ్‌గానో ఈగానో మారిపోవడం, డౌన్‌లోడ్ నత్తనడక పట్టడమో ఆగడమో చాలామందికి అనుభవమే.

శాశ్వత పరిష్కారానికి ఆధారం ఐఎంఎస్. సిప్ సంకేతాలపై నడిచే ఈ వ్యవస్థను 3జీపీపీ సంస్థ 2002 ప్రాంతంలోనే ప్రమాణీకరించినా చాలాకాలం కాగితాల మీదే ఎక్కువగా ఉండిపోయింది. 2009 నవంబరులో ప్రధాన ఆపరేటర్లు, పరికరాల తయారీ సంస్థలు కలిసి వన్ వాయిస్ పేరుతో దానిలో తప్పనిసరి అంశాలను ఏరి ఒక జాబితా చేశాయి. 2010లో మొబైల్ ఆపరేటర్ల సంఘం జీఎస్ఎంఏ దాన్ని స్వీకరించింది, అదే ఐఆర్.92 పత్రమైంది. 2012 ఆగస్టులో అమెరికాలో మెట్రోపీసీఎస్, దక్షిణ కొరియాలో ఎస్‌కే టెలికాం, ఎల్‌జీ యూప్లస్ వోల్టీని వాణిజ్యంగా ప్రారంభించాయి.

వోల్టీ బలం బేరర్లలో, అంటే ఫోనుకూ నెట్‌వర్క్‌కూ మధ్య కేటాయించే దారుల్లో ఉంది. ఫోను 4జీకి చేరగానే సిప్ సంకేతాలకు ఒక బేరర్ ఏర్పడుతుంది. కాల్ కలిసే సమయంలో మాటకు మరొకటి ప్రత్యేకంగా తెరుచుకుంటుంది. ఆ రెండో దానికి కనీస వేగం హామీగా ఉంటుంది. ప్రమాణం ప్రకారం ఆలస్యం 100 మిల్లీసెకన్లు, ప్యాకెట్ నష్టం నూటికి ఒకటి దాటకూడదన్న లక్ష్యం ఉంటుంది. క్రికెట్ మ్యాచ్ జరిగే స్టేడియంలో వీడియోలు తెరుచుకోకపోయినా వోల్టీ కాల్ నిలబడడానికి కారణం ఇదే. అదే టవర్ కింద వాట్సాప్ కాల్, అందరి వీడియోలతో పాటు వరుసలో నిలబడాలి. 4జీ సిగ్నల్ అంతమయ్యే చోట కాల్‌ను తెగకుండా పాత సర్క్యూట్‌కు అప్పగించడానికి ఎస్ఆర్‌వీసీసీ అనే ఏర్పాటు ఉంది. కాల్ కలిసే సమయం తగ్గింది. 50 నుంచి 7,000 హెర్ట్జ్ వరకు ధ్వని అందడంతో ‘స’, ‘ష’ల తేడా ఫోన్‌లో స్పష్టంగా వినిపిస్తోంది, పాత కాల్స్ 3,400 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోయేవి.

దీన్ని అమలు చేయడంలో ఎక్కువ శ్రమ హ్యాండ్‌సెట్ల దగ్గరే. ఒకే ప్రమాణాన్ని ఒక్కో ఆపరేటర్ ఒక్కో తీరుగా అమర్చడంతో, ప్రతి మోడల్‌నూ ప్రతి నెట్‌వర్క్‌పై విడిగా పరీక్షించాలి. ఒక దేశంలో కొన్న 4జీ ఫోను మరో దేశంలో డేటా ఇస్తూ వోల్టీ ఇవ్వకపోవడం ఈ కారణంగానే.

వైఫై కాలింగ్

ఆపరేటర్ కాల్‌ను ఇంటి వైఫై మీదుగా తీసుకెళ్లే పద్ధతి ఇది. ఫోను, ఆపరేటర్ నెట్‌వర్క్ అంచున ఉన్న ఈపీడీజీ అనే ద్వారం వరకు ఎన్‌క్రిప్ట్ చేసిన సొరంగం తెరిచి, అందులోంచి ఐఎంఎస్‌కు చేరుతుంది. నంబరు, బిల్లు, డయలర్ ఏవీ మారవు. సెల్లార్లలో, మందపాటి గోడల అపార్ట్‌మెంట్లలో, సిగ్నల్ అందని పల్లె ఇళ్లలో ఇది బాగా అక్కరకొస్తుంది. భారతదేశంలో ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో దీన్ని మొదలుపెట్టాయి.

ఇంట్లో ఒక రూటర్‌తో సరిపోయే ఈ పని ఆసుపత్రి, ఫ్యాక్టరీ వంటి చోట్ల ప్రణాళిక కోరుతుంది. మాట ప్యాకెట్లకు వైఫైలో ప్రాధాన్య వరుస ఇవ్వాలి. నడుస్తూ మాట్లాడే మనిషి ఒక యాక్సెస్ పాయింట్ నుంచి మరోదానికి మారేటప్పుడు పాస్‌వర్డ్ తనిఖీ మొదటినుంచీ జరగకుండా వేగంగా అప్పగించాలి. డేటాకు చాలిన సిగ్నల్ మాటకు చాలదు. వెబ్ పేజీ అర సెకను ఆగితే ఎవరికీ పట్టదు, మాట ఆగితే వెంటనే తెలుస్తుంది.

నాణ్యత కొలత

అంతర్జాతీయ టెలికాం సంఘం జి.114 సిఫార్సు ప్రకారం నోటి నుంచి చెవికి ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపుంటే చాలా రకాల సంభాషణలకు ఇబ్బంది ఉండదు. 400 మిల్లీసెకన్లు దాటకుండా నెట్‌వర్క్‌లను రూపొందించుకోవాలి. ఆలస్యం పెరిగితే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఒకేసారి ఆగుతారు. వినికిడి నాణ్యతను 1 నుంచి 5 వరకు మార్కులిచ్చే ఎంఓఎస్ కొలతతో చెబుతారు. పూర్వం మనుషుల్ని గదిలో కూర్చోబెట్టి మార్కులు వేయించేవారు. ఇప్పుడు పోల్కా వంటి సాఫ్ట్‌వేర్ పద్ధతులు ఆ అంచనా కడుతున్నాయి.

భారతదేశంలో

1999 నూతన టెలికాం విధానం ఇంటర్నెట్ టెలిఫోనీని అనుమతించలేదు. 2002 ఏప్రిల్ నుంచి ఇంటర్నెట్ సేవాసంస్థలకు పరిమితంగా అవకాశమిచ్చారు. కంప్యూటర్ నుంచి విదేశీ ఫోనుకు చేయవచ్చు, దేశంలోని ఫోనుకు చేయకూడదు. నెట్ కేఫ్‌లలో హెడ్‌సెట్ పెట్టుకుని అమెరికాలోని పిల్లలతో మాట్లాడిన తరానికి దారి చూపింది ఈ సడలింపే.

2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కు ప్రత్యేక డేటా ధర ప్రకటించి, నిరసన రావడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. 2015 మార్చిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఓటీటీ సేవలపై సంప్రదింపుల పత్రం విడుదల చేయగా, నెట్ న్యూట్రాలిటీ కోరుతూ పది లక్షలకు పైగా ఈమెయిళ్లు అందాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ డేటా ధరల్లో వివక్షను నిషేధించింది. యాప్ కాల్‌కూ వీడియోకూ ఒకే ధర ఉండాలన్న సూత్రం అలా చట్టబద్ధమైంది.

అసలు మలుపు 2016 సెప్టెంబరు 5న జియో వాణిజ్య సేవలతో వచ్చింది. 2జీ, 3జీ లేని ఆ నెట్‌వర్క్‌కు మాట అంటే వోల్టీయే. వోల్టీ లేని 4జీ ఫోన్లకు ఒక యాప్ ఇచ్చి కాల్స్ నడిపింది. మాటకు వేరే రుసుము లేదని ప్రకటించింది. 2017లో ప్రకటించిన జియోఫోన్, కీప్యాడ్ ఫోన్‌కు సైతం వోల్టీని తెచ్చింది. మిగతా ఆపరేటర్లు అదే బాట పట్టక తప్పలేదు. ఎయిర్‌టెల్ 2017 సెప్టెంబరులో ముంబైలో వోల్టీ ప్రారంభించింది.

మాట ప్యాకెట్ అయినా లెక్కలు మాత్రం నిమిషాల్లోనే సాగాయి. ఒక ఆపరేటర్ కాల్‌ను మరొకరు అందుకున్నందుకు చెల్లించే ఇంటర్‌కనెక్ట్ రుసుమును ట్రాయ్ 2017 అక్టోబరులో నిమిషానికి 14 పైసల నుంచి 6 పైసలకు తగ్గించింది, 2021 జనవరి 1 నుంచి పూర్తిగా తీసేసింది. ఆ మధ్య 2019లో ఒక వింత తగాదా నడిచింది. రింగు త్వరగా ఆగిపోతే అది మిస్డ్ కాల్ అవుతుంది, అవతలివారు తిరిగి చేస్తారు, రుసుము వారి ఆపరేటర్ మీద పడుతుంది. ఈ లెక్కతో కంపెనీలు రింగు వ్యవధిని 20, 25 సెకన్లకు కుదించాయి. చివరికి ట్రాయ్ జోక్యం చేసుకుని మొబైల్‌కు 30 సెకన్లు, ల్యాండ్‌లైన్‌కు 60 సెకన్లు రింగు మోగాలని 2019 నవంబరులో నిర్దేశించింది.

దేశీయ ఫోన్లకు ఇంటర్నెట్ నుంచి కాల్ చేసే అవకాశం లైసెన్సు ఉన్న ఆపరేటర్లకు 2018లో స్పష్టమైంది. బీఎస్ఎన్ఎల్ ఆ ఏడాది వింగ్స్ పేరుతో సిమ్ అవసరం లేని కాలింగ్ యాప్‌ను ప్రకటించింది. ఓటీటీ యాప్‌లకూ ఇవే నిబంధనలు వర్తించాలని ఆపరేటర్లు కోరుతూ వచ్చారు. 2020 సెప్టెంబరులో ట్రాయ్ అప్పటికి ప్రత్యేక నియంత్రణ అవసరం లేదని సిఫార్సు చేసింది. వాదన ఇంకా ముగియలేదు.

గల్ఫ్‌లో తెలుగువారు

యాప్ కాల్‌కు దారిపై పూచీ లేదన్న సంగతి గల్ఫ్ దేశాల్లో బాగా తెలుస్తుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో లైసెన్సు లేని ఇంటర్నెట్ కాలింగ్‌కు అనుమతి లేదు. వాట్సాప్‌లో సందేశం పోతుంది, ఫోటో పోతుంది, కాల్ మాత్రం కలవదు. అనుమతి పొందిన బోటిమ్ వంటి యాప్‌లే దిక్కు. సౌదీ అరేబియాలోనూ ఇలాంటి నిషేధమే ఉండేది, 2017 సెప్టెంబరులో దాన్ని సడలించారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి వెళ్లిన కార్మికుల కుటుంబాల్లో, దుబాయ్‌కి ఒక యాప్, సౌదీకి మరో యాప్ అన్న లెక్క పల్లెలో అక్షరాలు రాని పెద్దవాళ్లకు కూడా తెలుసు. ఏ యాప్ ఏ దేశంలో మోగుతుందో వాళ్లకు అనుభవం నేర్పింది.

భద్రత, దుర్వినియోగం

వాట్సాప్ 2016 ఏప్రిల్ నుంచి కాల్స్‌ను కూడా ఒక చివర నుంచి మరో చివర వరకు ఎన్‌క్రిప్ట్ చేస్తోంది. మధ్యలో ఉన్న కంపెనీ సైతం వినలేదు. వోల్టీలో రక్షణ ప్రధానంగా ఫోనుకూ టవర్‌కూ మధ్య ఉంటుంది. చట్టం కోరితే ఆపరేటర్ వినిపించాలి. 2020లో జర్మనీలోని రూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, కొన్ని టవర్లు వెంటవెంటనే వచ్చే రెండు కాల్స్‌కు ఒకే ఎన్‌క్రిప్షన్ కీ ప్రవాహాన్ని వాడుతున్నాయని, దానితో మొదటి కాల్‌ను విప్పవచ్చని చూపించారు. ఆ దాడికి రీవోల్టీ అని పేరు పెట్టారు.

యాప్‌లకూ లోపాలు తప్పలేదు. 2019లో వాట్సాప్ కాలింగ్ భాగంలోని ఒక లోపం ద్వారా, కాల్ ఎత్తకపోయినా ఫోనులోకి పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ చొరబడగలిగింది. సుమారు 1,400 మంది లక్ష్యమయ్యారని కంపెనీ వెల్లడించింది. నేరుగా కలిసే కాల్‌లో అవతలివారికి మన ఐపీ చిరునామా తెలిసే అవకాశం ఉంది. కాల్‌ను సర్వర్ మీదుగా మళ్లించి దాన్ని దాచే సెట్టింగ్‌ను వాట్సాప్ 2023లో చేర్చింది.

నంబరు మోసాలు మరో రకం. విదేశీ కాల్‌ను ఇంటర్నెట్ మీదుగా దేశంలోకి తెచ్చి, పదుల సిమ్‌లు పెట్టిన సిమ్ బాక్స్ ద్వారా లోకల్ కాల్‌గా మార్చే అక్రమ ఎక్స్ఛేంజీలను పోలీసులు పలుచోట్ల పట్టుకున్నారు. విదేశం నుంచి వస్తూ భారతీయ నంబరులా కనిపించే కాల్స్‌ను అడ్డుకునే వ్యవస్థను కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. డిజిటల్ అరెస్టు పేరిట బెదిరించే ముఠాలు ఎక్కువగా యాప్ వీడియో కాల్స్‌నే వాడుకోవడం ఓటీటీ యాప్‌ల నియంత్రణ చర్చకు కొత్త ఒత్తిడి తెచ్చింది.

అత్యవసర కాల్స్, పాత నెట్‌వర్క్‌ల మూత

వాట్సాప్ నుంచి అత్యవసర నంబరు 112కు కాల్ చేయలేరు. వోల్టీలో అత్యవసర కాల్‌కు విడిగా ప్రాధాన్య మార్గం ఉంది, టవర్‌ను బట్టి స్థానం తెలుస్తుంది. వైఫై కాల్‌లో స్థానం తేల్చడం కష్టం. అందుకే అమెరికాలో ఈ సేవ తెరిచేటప్పుడు ఇంటి చిరునామా నమోదు చేయమంటారు.

పాత సర్క్యూట్ నెట్‌వర్క్‌లను మూసేకొద్దీ ఈ సమస్య తీవ్రమవుతోంది. అమెరికాలో ప్రధాన ఆపరేటర్లు 2022లో 3జీ మూసేశారు. ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరులో టెల్‌స్ట్రా, ఆప్టస్ 3జీ మూసేముందు ఒక లోపం బయటపడింది. కొన్ని ఫోన్లు మామూలు కాల్స్‌ను వోల్టీలో చేస్తూ, అత్యవసర కాల్‌ను మాత్రం 3జీ మీదే చేసేలా తయారయ్యాయి. అలాంటి ఫోన్లను నెట్‌వర్క్‌లోకి రానివ్వకూడదని అక్కడి ప్రభుత్వం ఆదేశించింది. చూడటానికి బాగానే పనిచేస్తున్న ఫోను ఒక్కసారిగా నిరుపయోగమైంది.

5జీ, ఆ తర్వాత

5జీలో మాటకు వోఎన్ఆర్ అనే పద్ధతి ఉంది. ఐఎంఎస్ పునాది అదే, రేడియో మాత్రం మారింది. స్వతంత్ర 5జీ కోర్ ఉన్న నెట్‌వర్క్‌లలోనే ఇది సాధ్యం. భారతదేశంలో జియో ఆ మార్గం ఎంచుకుంది. 4జీ కోర్ మీద 5జీ నడిపేచోట కాల్ ఇప్పటికీ వోల్టీలోనే సాగుతుంది. 2014లో ప్రమాణమైన ఈవీఎస్ కోడెక్, ప్యాకెట్లు పోయినా మాట చెడకుండా కాపాడడంలో ముందడుగు. యాప్‌ల వైపు, తక్కువ వేగంలోనూ స్పష్టంగా వినిపించే కోడెక్‌లపై పోటీ నడుస్తోంది. వాట్సాప్ యజమాని మెటా 2024లో ప్రకటించిన ఎంలో కోడెక్ 6 కిలోబిట్ల దగ్గర పనిచేసేలా రూపొందింది.

ధ్వని నాణ్యతలో రెండు దారులూ నేడు సరిసమానంగా ఉన్నాయి; గోప్యతలో యాప్, నిలకడలో ఆపరేటర్ ముందున్నాయి. ఒకదాన్ని మరొకటి తొలగించలేదు. వాట్సాప్ ఖాతా తెరవాలన్నా ఆపరేటర్ ఇచ్చిన నంబరే కావాలి, ఆపరేటర్ డేటా ప్యాక్ అమ్ముడుపోవాలన్నా యాప్‌లే కావాలి. సర్క్యూట్ నెట్‌వర్క్ పూర్తిగా కనుమరుగయ్యాక ఆపదలో చేసే కాల్, నంబరు నిజానిజాలు, విద్యుత్తు పోయినా పలికే ఫోను వంటి పాత హామీల బాధ్యతను ఎవరు మోయాలన్నది ఇంజినీర్లు మాత్రమే తేల్చగలిగేది కాదు. దాన్ని ప్రతి దేశమూ తన చట్టంలో రాసుకోవలసి ఉంటుంది.